చివరి రోజులు ఎక్కడ? ఐసీయూ, ఇల్లు, హాస్పిస్, కాశీ: ఒక పోలిక

మా నాన్నగారు ఐసీయూలో పోయారు. నాలుగేళ్ల తర్వాత మా అత్తగారు ఇంట్లో, కిటికీ పక్కన మంచం మీద పోయారు. ఆసుపత్రిలో పదకొండు రోజులకు కట్టిన బిల్లు ఎంతో ఇప్పుడు గుర్తు లేదు కానీ, నాన్నగారి చేతులు మంచానికి కట్టేసి ఉండటం మాత్రం కళ్లముందు నుంచి పోలేదు. గొట్టం లాగేసుకుంటారని కట్టారట. అత్తగారు పోయిన రాత్రి కూడా తేలికగా గడిచిందని చెప్పను. ఒంటిగంటకు ఎగశ్వాస మొదలైనప్పుడు మా వారు ఫోను తీసి 108 నొక్కి, మళ్లీ కింద పెట్టేశారు. ఎలా పెట్టగలిగారంటే, ఆరు వారాల ముందే అందరం కూర్చుని ఆ ఫోను చేయకూడదని అనుకున్నాం. అనుకున్నాం అనడం కూడా తప్పే, అత్తగారే చెప్పారు.

మన ఇళ్లలో ఈ మాట ఎత్తితే "అశుభం పలకకు, పైన తథాస్తు దేవతలుంటారు" అంటారు. అదే పెద్దలు గుడిలో కళ్లు మూసుకుని "అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం" అని కోరుకుంటారు. దేవుడికి చెప్పుకున్న కోరికను ఇంట్లోవాళ్లకు కూడా చెప్పమంటాను నేను. వాళ్లకు తెలియకపోతే చివరి ఎంపిక ఎవరి చేతిలోనూ ఉండదు, అంబులెన్సు ఏ గేటు ముందు ఆగితే ఆ గేటుదే అవుతుంది.

చోటు కంటే ముందు జబ్బు

జబ్బు ఏ దారిన నడుస్తుందో డాక్టరును విడమరచి అడగండి. ముదిరిన క్యాన్సర్‌లో చాలామంది నెలల తరబడి తమ పనులు తాము చేసుకుంటూనే ఉంటారు, చివరి కొన్ని వారాల్లో త్వరగా క్షీణిస్తారు. ఆ వారాలు వస్తున్నట్టు తెలుస్తుంది కాబట్టి ఇల్లో హాస్పిసో (నయం కాని జబ్బుతో ఉన్నవారిని చివరి రోజుల్లో నొప్పి తగ్గించి చూసుకునే చోటు) సిద్ధం చేసుకునే వ్యవధి దొరుకుతుంది. గుండె బలహీనత, ముదిరిన ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ జబ్బు నడక వేరు. ఒకసారి ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేరతారు, కోలుకుని వస్తారు, కానీ మునుపటి మెట్టు మీదికి రారు. మళ్లీ చేరతారు. ఏ చేరిక చివరిదో డాక్టరు కూడా చెప్పలేరు. ఇలాంటివారు "ఇక ఆసుపత్రే వద్దు" అని ఒక్కమాటలో తేల్చడం తొందరపాటు. ఆక్సిజన్ సరే, ఇంజెక్షన్లు సరే, మాస్కుతో ఇచ్చే శ్వాస సాయం సరే, గొంతులో గొట్టం మాత్రం వద్దు అని మధ్యలో ఒక గీత గీసుకోవచ్చు.

డిమెన్షియా, పార్కిన్సన్స్ లాంటివి ఏళ్లు సాగుతాయి. అక్కడ చూసుకునే మనిషి నడుము ఎన్నాళ్లు ఆగుతుందన్నదే చోటును తేలుస్తుంది.

ఐసీయూ: ఎప్పుడు అవును, ఎప్పుడు కాదు

ఐసీయూను తిట్టేవారు ఎక్కువయ్యారు. నేను తిట్టను. నలభై ఏళ్ల మనిషికి పాము కరిచినా, న్యుమోనియా వచ్చినా, వెంటిలేటర్ ఏరు దాటించే తెప్ప. అవతల గట్టు ఉన్నప్పుడే తెప్ప ఎక్కాలి. గట్టు ఉందో లేదో తెలియనప్పుడు, అంటే హఠాత్తుగా పక్షవాతం వచ్చినప్పుడో పెద్ద ప్రమాదం జరిగినప్పుడో, గడువు పెట్టుకుని చేరండి: మూడు రోజులు, అయిదు రోజులు. చేరిన రోజే డాక్టరుతో "అయిదో రోజు కూర్చుని మాట్లాడుకుందాం, మెరుగు లేకపోతే ఏం మానేయాలో అప్పుడు చెప్పండి" అనండి. గడువు లేకుండా చేరితే రోజులు వాటంతట అవే గడిచిపోతాయి. మాకు పదకొండు గడిచాయి.

"బతుకుతారా డాక్టరుగారూ?" అని అందరం అడుగుతాం. "ప్రయత్నిస్తున్నాం, రెస్పాన్స్ ఉంది" అంటారు. తప్పు వారిది కాదు, ప్రశ్నది. "లేచి కూర్చుని అన్నం తినగలరా? మమ్మల్ని గుర్తుపడతారా? జీవితాంతం గొట్టంతోనే ఉండాలా?" అని అడిగితే జవాబు మారుతుంది. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ గురించి కూడా ముందే అడగాలి. వయసు మళ్లి జబ్బు ముదిరినవారికి అది చేస్తే పక్కటెముకలు విరగడం మామూలే, ఇంటికి తిరిగి వెళ్లడం అరుదు. సీపీఆర్ వద్దనే నిర్ణయం ఎలా తీసుకోవాలో, ఎలా నమోదు చేయాలో 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు ఇచ్చింది. "ఐసీఎంఆర్ పత్రం ప్రకారం రాసుకుంటారా?" అని అడిగితే డాక్టరు మిమ్మల్ని తెలిసినవారిగా చూస్తారు.

డబ్బులు అయిపోయాక ఎక్కువమంది చేసేది "లామా", అంటే డాక్టరు సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నాం అని సంతకం పెట్టి రావడం. గాలి సంచి నొక్కుతూ అంబులెన్సులో ఊరికి తెస్తారు, గుమ్మం ముందు తీసేస్తారు. నొప్పికి మందు లేదు, ఆయాసానికి మందు లేదు, పిలిస్తే వచ్చే నర్సు లేదు. ఇంతకంటే హీనమైన దారి నాకు కనిపించలేదు. ఇంటికి తీసుకెళ్లాలని తేల్చుకుంటే ఆ సంతకానికి ముందే ఆసుపత్రిలోని పాలియేటివ్ కేర్ విభాగాన్ని, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం తగ్గించి చూసేవారిని, పిలిపించమని, మందులు, వాడే విధానం, ఒక ఫోను నంబరు రాసి ఇవ్వమని పట్టుబట్టండి.

ఇంకొక మాట, కొందరికి కోపం రావచ్చు. అమెరికా నుంచి అబ్బాయి వచ్చేదాకా అని వెంటిలేటర్ మీద ఉంచుతారు. అబ్బాయి చూపు కోసమైతే ఫ్రీజర్ బాక్సు అద్దెకు దొరుకుతుంది, ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. మాట కోసమైతే వెంటిలేటర్ మీద ఉన్న మనిషి మాట్లాడలేరు. అబ్బాయి మాట్లాడాలంటే మూడు నెలల ముందు టికెట్ కొనాలి.

అవయవదానం కోరుకునేవారికి మాత్రం ఐసీయూ తప్పనిసరి. పోయాక ఇచ్చే గుండె, కాలేయం, కిడ్నీలను దాదాపు ఎప్పుడూ బ్రెయిన్ డెత్ జరిగిన వారి (మెదడు పూర్తిగా ఆగిపోయి, యంత్రంతో శ్వాస నడుస్తున్నవారి) నుంచే తీసుకుంటారు, మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ పని జీవన్‌దాన్ పథకం ద్వారా జరుగుతుంది. 2004లో హైదరాబాద్‌కు చెందిన చదరంగం ఆటగాడు వెంకటేశ్, కండరాల క్షీణత జబ్బుతో వెంటిలేటర్ మీద ఉండి, తన అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే తనను పోనివ్వమని కోరాడు. తల్లి హైకోర్టుకు వెళ్లారు, కోర్టు ఒప్పుకోలేదు. అతను ఆ డిసెంబరులోనే పోయాడు. చివరికి కళ్లే దానం చేయగలిగారు. కళ్ల దానానికి ఐసీయూ అక్కరలేదు. ఇంట్లో పోయినా ఆరు గంటల్లోపు నేత్రనిధికి ఫోను చేస్తే వారే వచ్చి కార్నియా తీసుకుంటారు. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి చెందిన రామాయమ్మ నేత్రనిధి ఆ పని చేస్తోంది. వారు వచ్చేదాకా ఫ్యాను ఆపి, కనురెప్పలు మూసి, తడి దూది పెట్టాలి.

ఇల్లు: అందరూ కోరేది, కొందరే సిద్ధం చేసుకునేది

ఎవరిని అడిగినా "నా ఇంట్లో, నా వాళ్ల మధ్య" అంటారు. తులసి తీర్థం పోయాలన్నా, తల దగ్గర యాసీన్ చదవాలన్నా, ఫాదర్ వచ్చి ప్రార్థన చేయాలన్నా ఇంట్లో వీలైనట్టు ఐసీయూలో వీలుకాదు. అక్కడ రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కరు పది నిమిషాలు. ఇంటికి నేనే మొదటి ఓటు వేస్తాను, కానీ మూడు ఉంటేనే: మార్ఫిన్, మనిషి, పలికే ఫోను నంబరు.

మార్ఫిన్ అనగానే మత్తుమందు, అలవాటైపోతుంది, ఇస్తే ప్రాణం పోతుంది అని భయం. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో వాడితే ఆ భయాలకు ఆధారం లేదు. నాలుగు గంటలకోసారి నోటితో మింగే చిన్న మాత్ర అది. తక్కువ మోతాదులో ఆయాసాన్ని కూడా తగ్గిస్తుంది. దానితోపాటు విరేచనానికి మందు వాడకపోతే మలబద్ధకం తప్పదు, ఈ సంగతి చెప్పడం కొందరు డాక్టర్లు కూడా మరిచిపోతారు. చిక్కు ఎక్కడంటే అది ప్రతి మందుల షాపులో దొరకదు. మత్తుపదార్థాల చట్టాన్ని 2014లో సవరించి నిబంధనలు సడలించినా, గుర్తింపు ఉన్న ఆసుపత్రులే నిల్వ ఉంచి ఇస్తాయి. కాబట్టి నొప్పి మొదలవక ముందే పాలియేటివ్ విభాగంలో పేరు రాయించుకోవాలి. అర్ధరాత్రి నొప్పి వచ్చాక వెతికితే దొరకదు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఏళ్లుగా ఉంది. తెలంగాణలో చేవెళ్లతో మొదలుపెట్టి జిల్లా స్థాయిలో పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు, ఇంటికి వచ్చి చూసే బృందాలూ ఉన్నాయి. విశాఖ వైపు వారు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో అడగవచ్చు. కేరళను చూస్తే మాత్రం అసూయ కలుగుతుంది. 1993లో కోజికోడ్‌లో ఒక చిన్న క్లినిక్కుగా మొదలైంది, వీధి వీధినా స్వచ్ఛంద సేవకులు తయారయ్యారు, 2008లో ప్రభుత్వం దాన్ని విధానంగానే ప్రకటించింది. మన దగ్గర వీధి ఇంకా పరామర్శకు వచ్చి "ఎలా ఉండేవారు ఎలా అయిపోయారు" అనే దగ్గరే ఉంది.

ఇక మనిషి. ఒక్కరు చాలరు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే పడక పుండ్లు పడతాయి. గాలి పరుపు అద్దెకు తెచ్చుకోండి. పగలు ఒకరు, రాత్రి ఒకరు, వారానికి ఒక పూట ఇద్దరికీ సెలవు. మా ఇంట్లో మొదటి మూడు వారాలు అంతా నేనే చేశాను. నాలుగో వారం నేనే జ్వరంతో పడ్డాను. కోడలిదే బాధ్యత అనుకునే ఇళ్లలో ఆ కోడలిని ముందుగా అడగండి, తర్వాత ఇల్లు అని తేల్చండి.

చివరి రోజులు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పరు, అందుకే భయపడి 108కి ఫోను చేస్తారు. తిండి మానేస్తారు, తర్వాత నీళ్లు మానేస్తారు. ఆకలి లేని శరీరానికి బలవంతంగా పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడి దూదితో పెదవులు తడిపితే చాలు. నిద్ర పెరుగుతుంది. గొంతులో గరగర శబ్దం వస్తుంది. వినేవారికి భయంగా ఉంటుంది కానీ, అప్పటికి స్పృహ తగ్గిన మనిషికి దానివల్ల బాధ ఉండదనే పాలియేటివ్ డాక్టర్లు చెబుతారు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది. ఆయాసపడుతుంటే ముఖానికి టేబుల్ ఫ్యాను గాలి తగలనివ్వండి. చేతులు, పాదాలు చల్లబడతాయి. శ్వాస ఆగి ఆగి వస్తుంది. ఈ నాలుగు ముక్కలు ఒక కాగితం మీద రాసి నర్సు మా గోడకు అంటించింది. ఆ రాత్రి మా వారు ఫోను పెట్టేసి ఆ కాగితమే చదువుకున్నారు.

ఇల్లు కుదరని ఇళ్లూ ఉన్నాయి. అద్దె ఇంట్లో ఉంటే యజమాని ఏమంటాడో ముందే అడగాలి. శవాన్ని గేటు లోపలికి రానివ్వని యజమానుల గురించి మీరూ వినే ఉంటారు. అడిగితే మాట పోతుందనుకోకండి, ఆ రోజు అడగడం ఇంకా కష్టం. సొంత ఇంటివారికి ఇంకొక భయం ధనిష్ఠా పంచకం. ధనిష్ఠ, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి నక్షత్రాల్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసేయాలని నమ్మేవారు, కొన ఊపిరితో ఉన్న మనిషిని హడావుడిగా ఆసుపత్రికి తరలిస్తారు. మీ పురోహితుణ్ణి ఇప్పుడే అడగండి. శాంతి చేయించి గది ఒక్కటి మూస్తే చాలనేవారూ ఉన్నారు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లిఫ్టులో స్ట్రెచర్ పడుతుందో లేదో కొలిచి చూడండి. ఇది నవ్వులాటకు చెప్పడం లేదు, మా మూడో అంతస్తు నుంచి అత్తగారిని కుర్చీలో దింపాం.

మరణ ధ్రువీకరణ గురించి ఒక ముక్క. ఇంట్లో పోతే, అంతకు ముందు చూసిన డాక్టరు కారణం రాసి ఇవ్వాలి, 21 రోజుల్లో పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో నమోదు చేయించాలి. ఆ డాక్టరు ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోండి. చివరి నిమిషంలో ఆసుపత్రికి పరుగెత్తి, చేరేసరికే ప్రాణం పోతే కొన్నిచోట్ల పోస్టుమార్టం మాట కూడా వస్తుంది.

హాస్పిస్

ముసలివాళ్లను వదిలించుకునే చోటని చాలామంది అనుకుంటారు. మా అత్తగారూ అనుకున్నారు, అందుకే వెళ్లనన్నారు. ఆమె నిర్ణయాన్ని గౌరవించాం కానీ, నొప్పి మాత్రలతో లొంగకపోయి ఉంటే నేను ఆమెతో పోట్లాడేదాన్ని. వైద్యం మానేయడం వేరు, జబ్బు మీద యుద్ధం మానేసి నొప్పి మీద యుద్ధం చేయడం వేరు. హాస్పిస్ చేసేది రెండోది. వెంటిలేటర్ ఉండదు. నర్సు ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, మార్ఫిన్ ఉంటుంది, కుటుంబం పక్కనే ఉండవచ్చు. దేశంలో మొదటిది ముంబైలోని శాంతి ఆవేదనా, 1986లో వచ్చింది. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోటరీ క్లబ్ వారు 2011లో మొదలుపెట్టిన స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చూస్తుంది, ఇంటికి వచ్చి చూసే సేవ కూడా ఉంది.

ఎవరికి హాస్పిస్ మంచిది? పుండ్లు, వాంతులు, తగ్గని నొప్పి ఉన్నవారికి, ఇంట్లో చూసుకునేవారు ఒక్కరే ఉన్నవారికి, అద్దె ఇళ్లవారికి. లోపం చోటుది కాదు, సంఖ్యది: చాలా జిల్లాల్లో దగ్గరలో ఒక్కటీ లేదు. పేషెంటును చేర్చినా చేర్చకపోయినా కుటుంబంలో ఒకరు ముందుగా వెళ్లి చూసి రావడం మంచిది. చూసినవారు తర్వాత "వదిలేశారు" అనే మాట అనరు.

అమెరికాలో పిల్లల దగ్గర ఉన్న తల్లిదండ్రులకు హాస్పిస్ అంటే ఎక్కువగా ఇంటికి వచ్చే నర్సే. ఆరు నెలలకు మించి బతకరని ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరిస్తే మెడికేర్, అంటే అక్కడి వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఖర్చు భరిస్తుంది. కానీ గ్రీన్‌కార్డుతో వచ్చినవారు అయిదేళ్లు అక్కడ ఉంటేనే మెడికేర్ కొనుక్కోగలరు. చూడ్డానికి వచ్చినవారికి అది లేదు. జబ్బు ముదిరిందని తెలిస్తే విమానం ఎక్కగలిగే ఓపిక ఉండగానే తిరిగి రావడం మేలు.

కాశీ

"కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అనేవారు ఒకప్పుడు. ఇప్పటికీ అక్కడే పోవాలని కోరుకునేవారు ఉన్నారు, వారిని ఎగతాళి చేయను. 1958 నుంచి నడుస్తున్న ముక్తి భవన్‌లో కొన్నే గదులు, గడువు రెండు వారాలు. భజన, గంగాజలం ఉంటాయి, వైద్యం ఉండదు. రెండు వారాల్లో పోకపోతే సాధారణంగా గది ఖాళీ చేయాలి. తెలుగువారు దిగే శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం యాత్రికుల కోసం, మంచం పట్టినవారి కోసం కాదు. నొప్పి ఉన్న జబ్బు అయితే నేను కాశీ వద్దంటాను. మార్ఫిన్ ఇక్కడి నుంచి సరిపడా తీసుకెళ్లి, ఇద్దరు మనుషులు వెంట ఉంటే అది వేరే మాట. వృద్ధాప్యంతో మెల్లగా ఆరిపోతున్న దీపమైతే, అది ఆ మనిషి కోరికే అయితే, వెళ్లనివ్వండి.

కాగితం

చోటు ఏదైనా కాగితం ఒకటి కావాలి. స్పృహ ఉన్న మనిషి "నాకు ఈ చికిత్స వద్దు" అంటే అది వారి హక్కు, ఏ బోర్డూ అక్కరలేదు. స్పృహ పోయాక మీ తరఫున మాట్లాడేది కాగితమే. ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే ఆ కాగితాన్ని లివింగ్ విల్ అంటారు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని అనుమతించింది. అప్పట్లో మేజిస్ట్రేటు ముందు సంతకం కావాలన్నారు, దాంతో ఎవరూ ముందుకు రాలేదు. 2023 జనవరి 24న దాన్ని సులభం చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయిస్తే చాలు. మీ తరఫున నిర్ణయించేవారిని ఒకరికంటే ఎక్కువమందినీ రాయవచ్చు. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

అవసరం వచ్చినప్పుడు ఆసుపత్రిలో చూస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు ఒక బోర్డుగా, జిల్లా వైద్యాధికారి పంపిన డాక్టరు, ఇంకో ఇద్దరు నిపుణులు రెండో బోర్డుగా పరిశీలిస్తారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. ఇది చికిత్స ఆపడం వరకే. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం మన దేశంలో నేరం. గొట్టం వేయడానికి అయిదు నిమిషాలు, తీయడానికి రెండు బోర్డులు, అందుకే వేయించుకోవాలో వద్దో ముందే ఆలోచించుకోమనడం. కాగితం బీరువా లాకరులో పెట్టకండి. ఒక కాపీ డాక్టరుకు, ఒకటి మీరు పేరు రాసినవారికి, ఒకటి మున్సిపాలిటీకో పంచాయతీకో, ఒకటి మందుల డబ్బాలో.

మా అమ్మ పోయిన సంక్రాంతికి తన కాగితం రాసింది. ఆమెదే దస్తూరి, మొత్తం ఆరు వాక్యాలు. ఇంట్లోనే, నొప్పి ఆగకపోతే హాస్పిస్, గొట్టం వద్దు, కళ్లు ఇవ్వాలి, నా పేరు, మా తమ్ముడి పేరు. చివరి వాక్యం "నా చేతులు కట్టకూడదు." నోటరీ చదివి, "ఇలాంటివి ఇందులో రాయరమ్మా" అన్నాడు. "మా ఆయనకు కట్టారు బాబూ" అంది అమ్మ. ఆయన ఇంకేమీ అనకుండా ముద్ర వేశాడు.